ఫ్రీలాన్స్ అనువాదానికి పైసలు ఎట్లా తీసుకుంటున్నారు? పేపాలా, బ్యాంకా, ఫోన్‌పేనా?

తంగేడుపూలు (నల్లగొండ)

అందరికీ నమస్కారం. బడిలో ఇంగ్లిష్ చెప్పడం మానేసి ఇప్పుడు పూర్తిగా అనువాదాల మీదే ఉన్నాను. పని దొరుకుతోంది, పైసలు చేతికి రావడం దగ్గరే చిక్కంతా. ప్రస్తుతం ముగ్గురు క్లయింట్లు. ఒకటి హైదరాబాద్ ఏజెన్సీ. నెలకు అరవై వేల దాకా పని ఇస్తుంది, డబ్బు మాత్రం 45 రోజులకు అంటుంది. రెండోది అమెరికా కంపెనీ. ఆసుపత్రి కరపత్రాలు, సమ్మతి పత్రాలు పంపుతారు, నెలకు నాలుగైదు వందల డాలర్లు. "ఎట్లా పంపమంటారు?" అని వాళ్లే అడుగుతున్నారు. మూడోది మన ఫ్లోరైడ్ గ్రామాల్లో పనిచేసే చిన్న స్వచ్ఛంద సంస్థ. వాళ్ల రిపోర్టులు ఇంగ్లిష్‌లోకి చేసిపెట్టాలి. మీరు ఎవరి దగ్గర ఎట్లా తీసుకుంటున్నారు? ఛార్జీల సంగతి, ట్యాక్సు సంగతి కూడా చెప్పండి.

జడ్చర్ల జంక్షన్

అమెరికా వాళ్లకు పేపాల్ ఇచ్చేయండి అక్కా. వాళ్లకు అదే అలవాటు. ఈమెయిల్ ఐడీ ఇస్తే చాలు, మరుసటి రోజుకల్లా డబ్బు మన బ్యాంకు దారి పడుతుంది.

రాచకొండ

జంక్షన్ తమ్ముడు చెప్పింది నిజమే, సులువే. కానీ ఆ సులువుకు ఎంత కడుతున్నామో లెక్క వేసుకోండి మేడమ్. 500 డాలర్లు వచ్చాయనుకుందాం. ఫీజు 4.4 శాతం, దాని మీద 30 సెంట్లు. అంటే 22 డాలర్లు అక్కడే పోయాయి. ఆ తర్వాత రూపాయల్లోకి మార్చేటప్పుడు మార్కెట్ రేటు ఇవ్వరు, మూడు నాలుగు శాతం తగ్గించి ఇస్తారు. ఇదెక్కడా ఫీజు అని రాసి ఉండదు కాబట్టి చాలామంది చూడనే చూడరు. రెండూ కలిపితే 40 డాలర్ల దాకా పోతాయి. ప్రతి నెలా ఇదే వరుస.

రేటు బాగున్నప్పుడు తీసుకుందామని డాలర్లు అందులోనే ఉంచుకుందామన్నా కుదరదు. మన దేశంలో ఖాతాలకు వచ్చిన డబ్బు దానంతటదే బ్యాంకుకు వెళ్లిపోవాలి, నిబంధన అది. హైదరాబాద్ ఏజెన్సీకి పేపాల్ అసలు పనికిరాదు. 2021 ఏప్రిల్ 1 నుంచి దేశం లోపలి చెల్లింపులు వాళ్లు ఆపేశారు.

నేను పేపాల్‌ను కొత్త క్లయింటుకు, అదీ వంద డాలర్ల లోపు పనికి మాత్రమే పెడతాను. పరిచయం కుదిరాక వేరే దారికి మారుస్తాను.

జడ్చర్ల జంక్షన్

వేరే దారి అంటే ఏది అన్నా?

రాచకొండ

క్లయింటు దగ్గర వైజ్ (విదేశాలకు డబ్బు పంపే ఆన్‌లైన్ సర్వీసు) ఉంటే అది. మార్కెట్ రేటుకే మారుస్తుంది, ఫీజు విడిగా చూపిస్తుంది. పంపేవాడికి, తీసుకునేవాడికి ఇద్దరికీ లెక్క తెలుస్తుంది. ఒకటే జాగ్రత్త. కొన్నిసార్లు మన స్టేట్‌మెంట్‌లో అది మామూలు దేశీ జమలాగే కనబడుతుంది. డాలర్లుగా వచ్చిందని చెప్పే కాగితం, అదే ఫిరా, అడిగి తీసుకుని దాచుకోవాలి. పెద్ద ఏజెన్సీలు చాలావరకు పయోనీర్ అంటాయి, అదీ అట్లాంటి సర్వీసే, పరవాలేదు.

నేరుగా బ్యాంకుకు స్విఫ్ట్‌లో (దేశాల మధ్య బ్యాంకులు వాడే నెట్‌వర్క్) రావడం పెద్ద మొత్తానికి మేలు. 300 డాలర్లకు మాత్రం దండగ. మధ్యలో ఒక బ్యాంకు తన వాటా కోసుకుంటుంది, ఇక్కడ మన బ్యాంకు కోసుకుంటుంది, డాలర్లు మార్చినందుకు జీఎస్టీ కూడా ఉంది. ఎంత చిన్న మొత్తమైనా ఆ జీఎస్టీ కనీసం 45 రూపాయలు. పంపేవాళ్లను ఫారంలో "ఛార్జీలన్నీ మావే" అనే ఐచ్ఛికం పెట్టమనండి. అడగకపోతే ఛార్జీలు ఇద్దరూ పంచుకునేది పెట్టేస్తారు.

కృష్ణ ఒడ్డు (గద్వాల)

ఇంకో మాట. బ్యాంకు వాళ్లు పర్పస్ కోడ్ అడుగుతారు, అంటే డబ్బు దేనికి వచ్చిందో చెప్పే కోడ్, లోపలికి వచ్చే డబ్బుకు పీతో మొదలయ్యేది. మన చిన్న ఊరి బ్రాంచిలో క్లర్కుకు అది రోజూ వచ్చే పని కాదు కాబట్టి చేతికి దొరికింది పెట్టేస్తారు. కుటుంబ పోషణ కోడ్ (పీ1301) పడితే ఒప్పుకోకండి. మీది సేవ అమ్మిన డబ్బు, చుట్టం పంపిన డబ్బు కాదు. రేపు ఆదాయపు పన్ను వాళ్లు అడిగితే ఇన్వాయిస్‌కు, జమకు పొంతన ఉండదు.

సూర్యాపేట హైవే

నాకు అమెరికాలో ఒక తెలుగాయన పని ఇచ్చారు, వాళ్ల తాతగారి డైరీలు ఇంగ్లిష్‌లోకి. వెస్ట్రన్ యూనియన్‌లో పంపుతా, బస్టాండ్ దగ్గర షాపులో తీసుకో అంటున్నారు. అట్లా తీసుకోవచ్చా?

కృష్ణ ఒడ్డు

వద్దు తమ్ముడూ. ఆ పద్ధతి ఇంటివాళ్లకు పంపుకునే డబ్బు కోసం. ఒకసారికి 2,500 డాలర్లు, ఏడాదికి 30 సార్లు, అదీ సొంత అవసరాలకే అని రిజర్వ్ బ్యాంకు నిబంధన. వ్యాపారం డబ్బు అందులో రాకూడదు. గల్ఫ్ నుంచి మన పాలమూరు ఇళ్లకు వచ్చేది ఆ దారిలోనే కాబట్టి అందరికీ పరిచయం, అంతే. ఆయనకు ఇక్కడ ఎన్‌ఆర్‌వో ఖాతా (విదేశాల్లో ఉండేవాళ్లు మన దేశంలో పెట్టుకునే రూపాయల ఖాతా) ఉంటే అందులోంచి రూపాయల్లోనే వేయమను, పని అయిపోతుంది.

ఖలం దవాత్ (మహబూబ్‌నగర్)

మీరంతా డాలర్ల గురించి మాట్లాడుతున్నారు. మా బాధ వేరు. నేను ఉర్దూ నుంచి తెలుగు, ఇంగ్లిష్ చేస్తాను. నిజాం కాలం నాటి సేత్వార్లు (భూమి సర్వే రికార్డులు), పాత పహాణీలు, నికానామాలు (పెళ్లి ఒప్పంద పత్రాలు), వక్ఫ్ కాగితాలు. భూమి తగాదా కోర్టుకు ఎక్కితే 1954-55 ఖాస్రా పహాణీ దాకా తవ్వుతారు, అప్పుడు మా దగ్గరికి వస్తారు. వచ్చేది రైతు, లేకపోతే వకీలు గుమస్తా. వాళ్లకు ఇన్వాయిస్, 30 రోజుల గడువు అంటే నవ్వుతారు.

నా పద్ధతి ఒకటే. కాగితం చూడగానే పేజీలు లెక్క పెట్టి రేటు చెప్పేస్తాను. సగం ముందే, ఫోన్‌పే అయినా సరే, నగదు అయినా సరే. మిగతా సగం సంతకం, ముద్ర వేసిన కాపీ చేతికిచ్చేటప్పుడు. ముందుగా చదువుకోవడానికి డ్రాఫ్ట్ ఇస్తాను, దాని మీద ముద్ర ఉండదు. ముద్ర లేని కాగితం కోర్టులో చెల్లదు కాబట్టి బాకీ అనేది ఉండదు. రేపు తేదీ ఉంది, ఎల్లుండి తేదీ ఉంది అని హడావుడి పెట్టేవాళ్లే కేసు వాయిదా పడిందని తెలియగానే ఫోన్ ఎత్తరు. అందుకే సగం ముందే.

వకీలు "నా ఖాతాలో రాసుకో భాయ్" అంటే మాత్రం రాసుకోను. పైసలు క్లయింటు ఇవ్వాలి, వకీలు కాదు. ఇద్దరి మధ్య మనం ఇరుక్కుంటే వసూలు కావు.

నగదు తీసుకున్నా రసీదు పుస్తకం ఉంచుకోండి. నెంబరు, తేదీ, ఎన్ని పేజీలు. రేపు కోర్టులో "ఈ తర్జుమా నువ్వే చేశావా?" అని పిలిస్తే అది అక్కరకు వస్తుంది.

తంగేడుపూలు

ఖలం భాయ్, బాగా చెప్పారు. మా స్వచ్ఛంద సంస్థ వాళ్లు "గ్రాంటు రాగానే ఇస్తాం మేడమ్" అంటారు. మంచి పని చేస్తున్నారు, గట్టిగా అడగడానికి మొహమాటం.

ఖలం దవాత్

రేటు తగ్గించండి మేడమ్, గడువు మాత్రం తగ్గించకండి. గ్రాంటు వాళ్ల సంగతి, కరెంటు బిల్లు మీ సంగతి.

మూడు భాషల ఊరు (నారాయణపేట)

గడువు కంటే ముందు లెక్క ఏ భాషలోనో తేల్చుకోండి. నేను కన్నడ, తెలుగు రెండూ చేస్తాను. ఇంగ్లిష్‌లో వెయ్యి పదాలున్న కాగితం తెలుగులోకి వచ్చేసరికి ఏడు వందల చిల్లరకు దిగుతుంది, విభక్తులన్నీ మాటకు అతుక్కుంటాయి కదా. కొన్ని ఏజెన్సీలు మూల పదాల, అంటే అసలు కాగితంలోని పదాల లెక్కన రేటు మాట్లాడి, బిల్లు దగ్గర తెలుగు పదాల లెక్క కడతాయి. పావు వంతు పైగా అక్కడే పోతుంది, ఏ బ్యాంకు ఛార్జీ అయినా దీని ముందు తక్కువే. పని ఆర్డరులోనే మూల పదాలు ఇన్ని, మొత్తం ఇంత అని అంకె వేయించుకోండి.

మిర్యాలగూడ లెక్కలు

నేను అనువాదకుడిని కాదు, అకౌంటెంటును. మా ఇంటావిడ సబ్‌టైటిల్స్ చేస్తుంది, అందుకే ఇక్కడ చూస్తుంటాను. మా పట్నంలో రైసు మిల్లుల లెక్కలు చూసేవాడిని కాబట్టి బాకీల సంగతి కొంచెం తెలుసు.

హైదరాబాద్ ఏజెన్సీ 45 రోజులంటే అది చట్టం ఒప్పుకునే ఆఖరి గడువు. ఎంఎస్ఎంఈ చట్టం 2006 ప్రకారం సూక్ష్మ, చిన్న సంస్థలకు రాతపూర్వక ఒప్పందం ఉంటే ఆ గడువులోగా, ఎంత రాసుకున్నా 45 రోజులు దాటకుండా చెల్లించాలి. ఒప్పందమే లేకపోతే 15 రోజులు. దాటితే బ్యాంకు రేటుకు మూడింతల వడ్డీ, అదీ నెల నెలా చక్రవడ్డీ. ఈ రక్షణ కావాలంటే మీకు ఉద్యమ్ రిజిస్ట్రేషన్ (చిన్న సంస్థగా ప్రభుత్వం దగ్గర నమోదు) ఉండాలి. ఆధార్, పాన్ చాలు, ఆన్‌లైన్‌లో ఉచితం. డబ్బులు అడిగే ఏజెంట్ల వెబ్‌సైట్లు చాలా ఉన్నాయి, ప్రభుత్వ పోర్టల్‌లోనే చేసుకోండి. బాకీ పడ్డాక చేసుకుంటే పాత బిల్లులకు వర్తిస్తుందా లేదా అని పేచీ పెడతారు, కాబట్టి ముందే ఉంచుకోండి.

అసలు కీలకం ఇంకొకటి. ఆదాయపు పన్ను చట్టంలో 43బి(హెచ్) అని ఒకటి 2024-25 అసెస్‌మెంట్ ఇయర్ నుంచి వచ్చింది. చిన్న సంస్థకు గడువులోగా కట్టకపోతే, కట్టిన సంవత్సరం వచ్చేదాకా ఆ ఖర్చును కంపెనీ తన లెక్కలో చూపించుకోలేదు. మార్చి నెల వస్తే ఆడిటర్లే ఫోన్ చేసి ఉద్యమ్ ఉన్నవాళ్ల బిల్లులు క్లియర్ చేయమంటారు. మీరు గొంతు పెంచాల్సిన పనే లేదు, ఇన్వాయిస్ మీద ఉద్యమ్ నంబరు వేస్తే చాలు.

కోయిల్‌సాగర్

సార్, కాగితం మీద బాగానే ఉంది. నేను అట్లాగే నంబరు వేసి, గడువు దాటాక వడ్డీ సంగతి మర్యాదగా ఒక మెయిల్‌లో గుర్తుచేశాను. డబ్బు వచ్చింది, అసలు వరకే. తర్వాత ఆ ఏజెన్సీ నుంచి పని రావడం ఆగిపోయింది. ఇక్కడ తెలుగుకు మనిషి దొరకడం వాళ్లకు కష్టం కాదు. ఫిర్యాదు పెట్టే పోర్టల్ ఉంది, బాకీ తగాదాలు తీర్చే కౌన్సిల్ ఉంది, అంతా నిజమే. కానీ పద్దెనిమిది వేల బాకీకి హైదరాబాద్ చుట్టూ తిరిగేది ఎవరు?

మిర్యాలగూడ లెక్కలు

ఫిర్యాదు ఆన్‌లైన్‌లోనే పెట్టొచ్చు, దానికి తిరగనక్కర్లేదు. అయినా మీ మాట కొట్టిపారేయను. వడ్డీ అడగడం చివరి అస్త్రం. నంబరు వేయడం మొదటి రోజు పని. రెండింటికీ తేడా ఉంది. వడ్డీ ఎవరూ అడగకపోయినా ఆడిటర్ మాత్రం నంబరు చూస్తాడు.

రాచకొండ

కోయిల్‌సాగర్ గారూ, ఆలస్యంగా ఇచ్చి, గుర్తుచేస్తే అలిగే ఏజెన్సీ పోతే పోయిందనే అంటాను. నెల సంపాదన మొత్తం ఒక్క ఏజెన్సీ చేతిలో పెట్టినప్పుడే ఈ భయం. అందుకే బయటి ఏజెన్సీల పని ఒప్పుకునే ముందు ప్రోజ్ అనే అనువాదకుల సైట్‌లో బ్లూ బోర్డు చూస్తాను. అక్కడ ఏజెన్సీలు ఎట్లా చెల్లిస్తాయో అనువాదకులే మార్కులు వేస్తారు.

కోయిల్‌సాగర్

చెప్పడం తేలిక సార్. మహబూబ్‌నగర్‌లో కూర్చుని ఏజెన్సీని వదులుకోవడం మీకున్నంత తేలిక నాకు కాదు.

రాచకొండ

అదీ నిజమే. కాదనను.

తంగేడుపూలు

నాకు ఏజెన్సీ వాళ్లు టీడీఎస్ అని పది శాతం కోస్తున్నారు. అరవై వేలకు ఆరు వేలు పోతున్నాయి. ఇది తిరిగి వస్తుందా?

మిర్యాలగూడ లెక్కలు

ఆదాయపు పన్ను చట్టం పాత సెక్షన్ నంబర్లే చెబుతాను, అందరికీ అవే తెలుసు. 2026 ఏప్రిల్ 1 నుంచి అమలయ్యే కొత్త చట్టంలో సెక్షన్లు వేరు. 194జె కింద ప్రొఫెషనల్ ఫీజు అనుకుంటే 10 శాతం. 2025 ఏప్రిల్ నుంచి ఏడాదికి 50 వేలు దాటితేనే కోయాలి, అంతకుముందు 30 వేలు. కొన్ని కంపెనీలు దీన్ని కాంట్రాక్టు పనిగా చూసి 194సీ కింద వ్యక్తులకు 1 శాతమే కోస్తాయి. ఏది కోసినా పోయిన డబ్బు కాదు, మీ పాన్ మీద ప్రభుత్వం దగ్గర జమ అయిన డబ్బు. 26ఏఎస్‌లో (మీ పాన్ మీద కోసిన పన్ను వివరాలుండే ఫారం) కనబడుతుందో లేదో మూడు నెలలకోసారి చూసుకోండి. రిటర్న్ వేస్తే, కట్టాల్సిన పన్ను అంతకన్నా తక్కువైతే మిగతాది వాపసు వస్తుంది. పాన్ ఇవ్వకపోతే 20 శాతం కోస్తారు, అది గుర్తుంచుకోండి. కోసి గవర్నమెంటుకు కట్టని వాళ్లు కూడా ఉంటారు. అప్పుడు మీ ఇన్వాయిస్, బ్యాంకులో పడిన తగ్గింపు మొత్తం, రెండూ సాక్ష్యం.

జడ్చర్ల జంక్షన్

ఆదాయపు పన్ను సెక్షన్ 44ఏడీఏ కింద వచ్చిన దాంట్లో సగమే ఆదాయంగా చూపిస్తే చాలు కదా సార్? యూట్యూబ్‌లో ఫ్రీలాన్సర్లందరికీ అదే చెబుతున్నారు.

మిర్యాలగూడ లెక్కలు

అక్కడే జాగ్రత్త. ఆ సౌకర్యం చట్టంలో పేరు పెట్టి చెప్పిన వృత్తులకే. వకీళ్లు, డాక్టర్లు, ఇంజినీర్లు, అకౌంటెంట్లు, టెక్నికల్ కన్సల్టెంట్లు, సినిమా కళాకారులు, ఇట్లా. సినిమాకు డైలాగులు రాసేవాళ్లు కూడా ఆ జాబితాలో ఉన్నారు, అనువాదకుడు అన్న మాట మాత్రం లేదు. కొందరు సీఏలు టెక్నికల్ కన్సల్టెన్సీ కింద వేస్తారు, కొందరు 44ఏడీ కింద వ్యాపారంగా వేస్తారు. నేనైతే యూట్యూబ్ మాట విని వేయను, మీ కాగితాలు చూసిన సీఏను అడుగుతాను.

జీఎస్టీ గురించి ఎవరూ అడగలేదు గానీ చెప్పేస్తాను. సేవలకు ఏడాదికి 20 లక్షలు దాటేదాకా రిజిస్ట్రేషన్ అక్కర్లేదు. వేరే రాష్ట్రం క్లయింటైనా ఇదే. "జీఎస్టీ నంబరు లేకపోతే పేమెంట్ ఆపుతాం" అనే ఏజెన్సీకి ఈ మాటే మెయిల్‌లో రాసి పంపండి.

సూర్యాపేట హైవే

ఇంకొకటి అడగాలి. ఒక విదేశీ క్లయింటు ఈమెయిల్ చేశాడు. పెద్ద పుస్తకం, మంచి రేటు, బేరమే లేదు. చెక్కు పంపుతానన్నాడు. పొరపాటున ఎక్కువ రాశానట, మిగిలింది తిరిగి పంపమంటున్నాడు.

కృష్ణ ఒడ్డు

బ్లాక్ చెయ్ తమ్ముడూ, ఇప్పుడే. చెక్కు జమ అయినట్టు కనబడి కొన్ని రోజులకు తిరిగిపోతుంది. నువ్వు పంపింది మాత్రం పోతుంది. అనువాదకుల మీద చాలా ఏళ్లుగా ఉన్న మోసం ఇది. చెక్కు బదులు క్రిప్టో ఇస్తామనే వాళ్లు కూడా వస్తున్నారు. లాభం మీద 30 శాతం పన్ను ఒక ఎత్తు, దాన్ని ముక్కూ మొహం తెలియని వాడికి అమ్మి ఖాతాలో యూపీఐ వేయించుకుంటే అది సైబర్ మోసం డబ్బు అయి ఉండొచ్చు. వేరే రాష్ట్రం పోలీసులు మన ఖాతా ఆపేస్తారు. మళ్లీ తెరిపించుకునేసరికి తల ప్రాణం తోకకు వస్తుంది.

ఖలం దవాత్

మాకు కూడా ఆ భయం ఉంది. రోజూ కొత్త మనుషులు ఫోన్‌పే చేస్తారు, ఎవరి డబ్బు ఎటు నుంచి వస్తుందో తెలియదు. అందుకే పనికి విడిగా ఒక ఖాతా పెట్టాను. ఇంటి ఖర్చు, పిల్లల ఫీజు ఖాతా వేరు. ఒకటి ఆగినా పొయ్యి ఆగదు.

తంగేడుపూలు

అందరికీ ధన్యవాదాలు. అమెరికా వాళ్లకు వైజ్ అని రాశాను, ఒప్పుకున్నారు. ఉద్యమ్ కూడా అయిపోయింది. ఏజెన్సీకి వచ్చే నెల బిల్లు మీద నంబరు వేస్తాను, వడ్డీ మాట ఎత్తను. స్వచ్ఛంద సంస్థతో సగం ముందు, సగం రిపోర్టు ఇచ్చిన వారంలో అని మాట్లాడుకున్నాను. కొంచెం గొణిగారు గానీ సరే అన్నారు.

మూడు భాషల ఊరు

మంచిది మేడమ్. మీ ఖాతా ఏ బ్యాంకులో?

తంగేడుపూలు

గ్రామీణ బ్యాంకులో. జీతం అందులోనే పడేది, దాన్నే కొనసాగిస్తున్నాను.

మూడు భాషల ఊరు

అయితే ఇన్వాయిస్ మీద ఐఎఫ్ఎస్‌సీ కోడ్ ఒకసారి చూసుకోండి. 2025 జనవరి 1న ఏపీజీవీబీ (ఆంధ్రప్రదేశ్ గ్రామీణ వికాస్ బ్యాంకు) తెలంగాణ బ్రాంచీలన్నీ తెలంగాణ గ్రామీణ బ్యాంకులో కలిశాయి, మన నల్లగొండ, పాలమూరు బ్రాంచీలు కూడా అందులోవే. పాత కోడ్ పెట్టుకుని పేమెంట్ ఎందుకు వెనక్కి వస్తోందో తెలియక తలపట్టుకున్నవాళ్లు మా ఊళ్లో ఉన్నారు. డాలర్ల కోసం మాత్రం విదేశీ మారకం చూసే పెద్ద బ్యాంకులో ఇంకో ఖాతా తెరవండి, వైజ్ వాళ్లకు ఆ నంబరే ఇవ్వండి.

తంగేడుపూలు

చూశాను. పాత కోడే ఉంది. ఇప్పుడే మార్చి మళ్లీ పంపుతున్నాను.